సురుటుపల్లి మీదుగా సముద్రమునకు

మా పూతలపట్టులో సముద్రము లేదు. సముద్రపు గాలియు లేదు. చుట్టును బండరాళ్ల గుట్టలు, వాని నడుమ మామిడి తోటలు, చెఱకు మళ్లు, వేరుసెనగ చేలు. కాణిపాకము వినాయకుని దర్శనమునకు పోవువారును, తిరుపతికి పోవువారును మా కూడలిలో దిగి టీనీళ్లు త్రాగి తమ దారిని తాము పోవుదురు. అట్టి యూరినుండి ఓడలనుగూర్చి వ్రాయుట యేమని సోదరీమణులు నవ్వుకొనవచ్చును. మేమును మొదట అట్లే నవ్వుకొంటిమి.

కాని వేసవి ముదిరినది మొదలు మా త్రోవన పోవు లారీలను చూడుడు. వానిలో చాలభాగము తోతాపురి మామిడికాయలవే. ఆ కాయలు చిత్తూరు ప్రాంతపు ఫ్యాక్టరీలలో గుజ్జై, ఇనుప డ్రమ్ములలో నిండి, కంటైనరులనబడు పెద్ద పెట్టెలలో చెన్నపట్టణపు రేవునకు చేరి, అచటినుండి గల్ఫు దేశములకును యూరపునకును ఓడలెక్కును. 2025 వేసవిలో వెనుకటి యేటి గుజ్జు అమ్ముడుపోక నిలిచియుండుటచే కాయల ధర పడిపోయినది. ఫ్యాక్టరీలవారు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వమువారు 4 రూపాయలు, వెరసి 12 రూపాయలు రైతున కందవలెనని ప్రభుత్వము నిర్ణయింపవలసివచ్చినది. మాకును నాలుగెకరముల తోట యున్నది. గనుక ఓడ కదలినగాని మా యింటి పొయ్యి సరిగా వెలుగదని ఆ యేడు మాకు బాగుగ తెలిసినది.

ఆ వేసవిలోనే మరియొక కారణము వచ్చిపడినది. మా ఆడుబిడ్డ కుమార్తె మా యింటనే పెరిగినది. ఇంటరు ముగించి, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీవారి పరీక్ష వ్రాసి, విశాఖపట్టణములో ఓడల నిర్మాణమును నేర్పు నాలుగేండ్ల చదువునకు అర్హత సంపాదించినది. మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులగుటచే సంతోషించిరి. మా అత్తగారు మాత్రము ససేమిరా యనిరి. దానికి కారణము లేకపోలేదు. 2025 మే 25వ తేదీన ఎం.ఎస్.సి. ఎల్సా 3 అను నౌక కొచ్చి యెదుట సముద్రములో మునిగినది. అందలి 24 మంది సిబ్బందియు బ్రతికి బయటపడిరి గాని, 640 కంటైనరులతో ఓడ అడుగంటినది. కొన్నిటిలో ప్రమాదకరమైన సరకులుండెను. బియ్యపు గింజలంత ప్లాస్టిక్కు గుళికలు సంచులు సంచులుగా కేరళ తీరమునకు కొట్టుకొనివచ్చినవి. పక్షము దినములైన తరువాత, జూన్ 9న, ఆ సముద్రముననే వాన్ హై 503 అను నౌకలో మంటలు లేచినవి. ఇవన్నియు మా అత్తగారు టీవీలో చూచియున్నారు.

"ఆ ఓడల సావాసం మనకెందుకు మే? సముద్రాన్ని పాడుజేసే పనికి ఆడబిడ్డను పంపిస్తారా?" అని ఆమె మనుమరాలి నడిగినది.

"పాడుగాకుండా జేసేదానికే గదవ్వా ఆ చదువు!" అని అమ్మాయి బదులు చెప్పినది.

సముద్రయానము శాస్త్రవిరుద్ధమని బంధువులలో నొకరు ఎత్తిపొడిచిరి. బోధాయనుడు దానిని పతనహేతువులలో చేర్చినమాట నిజమే. కాని ఉత్తరదేశపువారి ఆచారములలో సముద్రయాన మొకటియని ఆయనయే చెప్పినాడు. మన శాతవాహనుల నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడలున్నవి. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవునకు వచ్చు సముద్రవ్యాపారులకు అభయశాసనము వేయించి ఏడు నూర్ల యేండ్లు దాటినది. శాస్త్రమునకు సమాధానము చెప్పవచ్చును. మా అత్తగారి ప్రశ్నకు మాత్రము మావద్ద సమాధానము లేకపోయెను. కన్నులార చూచినగాని తేలదని, జూన్ నెల చివరి ఆదివారమున, తెల్లవారక మునుపే బాడుగకారులో మేము నలుగురమును బయలుదేరితిమి.

చంద్రగిరి కోటను ఎడమచేతివైపున విడిచి, తిరుపతి, పుత్తూరు దాటి నారాయణవనము చేరునప్పటికి ప్రొద్దు పొడిచినది. పిచ్చాటూరు దాటి నాగలాపురమున ఆగితిమి. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేర వెలయించిన ఊరది. అచట వేదనారాయణస్వామి మత్స్యావతారమూర్తి. నడుమునకు క్రింద చేప రూపము. ప్రళయవేళ సత్యవ్రతుని ఓడను తన కొమ్మునకు కట్టించుకొని గట్టెక్కించిన చేప కథ భాగవతము విన్నవారందరును ఎరిగినదే. ఆనాడు చేప ఓడను కాచినది. చేపను కాచు వంతు నేడు ఓడకు వచ్చినదేమో యని మాకు తోచినది. గర్భగుడిముందు నిలిచి అమ్మాయి చాలసేపు ఆ రూపమును చూచినది.

అచటినుండి సురుటుపల్లి దగ్గరనే. అరుణానది గట్టున పళ్లికొండేశ్వరుని గుడి. శివుడు లింగరూపమున గాక, పవళించిన రూపమున నుండుట ఆ క్షేత్రపు విశేషము. హాలాహలము మ్రింగిన యలసటతో స్వామి సర్వమంగళ తొడపై తల యుంచి పండుకొనియున్నాడు. చుట్టును దేవతలు, ఋషులు. మా అత్తగారు కన్నీరు పెట్టుకొనిరి. ఏ యింటిలోనైనను కష్టపడి వచ్చినవాడు తల వాల్చు చోటు ఇల్లాలి ఒడియే గదా!

అమృతము కావలెనని దేవదానవులందరును సముద్రమును చిలికిరి. విషము పుట్టినప్పుడు మాత్రము అందరును పరుగెత్తిరి. మ్రింగుట కొక్కడే మిగిలెను. ప్రాకారములో కూర్చుండి పులిహోర తినుచు మేమీ మాట ననుకొనుచుండగా, మా వారు, "నేటికిని చిలుకుట ఆగలేదు. ప్రపంచ వ్యాపారములో నూటికి ఎనుబది పాళ్లకు పైగా సరకు సముద్రముమీదనే పోవుచున్నది. మన మామిడిగుజ్జును అందులోనిదే. విషము నెవరు మ్రింగుచున్నారో చూతము పదండి" అనిరి.

గుడిప్రక్కన పారు అరుణానది తమిళదేశము ప్రవేశించి, ఆరణియార్ అను పేరుతో పులికాట్ సరస్సులో కలియును. మా చిత్తూరు కొండలలో పుట్టిన కుశస్థలి నది ఎన్నూరువద్ద సముద్రమును చేరును. మాకు సముద్రము లేదనుకొంటిమి గాని, మా నీళ్లు మాకంటె ముందే సముద్రమును చూచుచున్నవి. ఊత్తుకోట, పెరియపాళయము, మీంజూరు మీదుగా మేమును ఆ నీళ్ల వెంబడినే ఎన్నూరు చేరితిమి.

ఎన్నూరు తీర మందమైనదని చెప్పజాలము. ఒక వైపున విద్యుత్కేంద్రముల పొగగొట్టములు, ఒక వైపున రేవు, నడుమ నది కయ్య. దూరమున లంగరు వేసిన ఓడలు వరుసగ నిలిచియున్నవి. అమ్మాయి వానిని పేరు పేరున గుర్తించుచు, ఇది నూనె ఓడ, ఇది బొగ్గు ఓడ, ఇది పెట్టెల ఓడయని చెప్పుచుండెను. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమున చేపలవేట నిషేధము. అది ముగిసి పక్షము దినములేయగుటచే పడవలన్నియు సందడిగ నుండెను.

ఒడ్డున చేపలబుట్ట ముందిడుకొని కూర్చున్న ఒక ఆమె మా మాటలు విని, తెలుగుననే, "ఏ వూరమ్మా మీది?" అని పలుకరించినది. ఆమె పుట్టినిల్లు మన తడ ప్రక్కనట. మా అత్తగారు ఆమె ప్రక్కనే చతికిలబడిరి. ఓడలవలన మీకేమి లాభమని అడుగగా ఆమె నవ్వి, "లాభం ఊళ్లకు పోతాది పెద్దమ్మా, నూనె మాకాడ నిలస్తాది" అనినది.

ఆమె చెప్పినది 2017 జనవరి 28వ తేదీ సంగతి. ఆ తెల్లవారుజామున బి.డబ్ల్యు. మేపుల్, డాన్ కాంచీపురం అను రెండు నౌకలు ఎన్నూరు రేవు వెలుపల ఢీకొన్నవి. చిక్కని నల్లనూనె కారి, ఎన్నూరు మొదలు మెరీనాకు దక్షిణము వరకును ఒడ్డుకు పట్టినది. మొదట స్వల్పమేయని అధికారులు చెప్పిరి గాని, తీసినకొలది నూనె పెరిగినది. నూనెను పీల్చు యంత్రములు ఆ ముద్దను పీల్చలేకపోగా, తీరరక్షకదళమువారు, విద్యార్థులు, జాలరులు బకెట్లతో చేతులారా తోడిపోసిరి. తాబేళ్లు చచ్చి ఒడ్డున పడినవి. "చేప మంచిదైనా ఎవరూ కొనలా" అని ఆమె యనినది. ఆ మాట మాకు గ్రుచ్చుకొన్నది. మా కాయకు ధర లేని యేడు మే మెట్లుంటిమో ఆమెకు చెప్పితిమి. ఇద్దర మొక దారపు రెండు కొసలమై యుంటిమి.

ఇంకొక సంగతియు ఆమెవలననే తెలిసినది. కయ్యలో ఇప్పుడు 'కాకా ఆళి' అని వారు పిలుచు నల్ల ఆల్చిప్ప చాపవలె పరచుకొనినది. చేతితో రొయ్యలు ఏరుకొని బ్రతుకు స్త్రీలకు అడుగున రొయ్య నిలువ చోటు లేదు. చిప్ప అంచులు కాళ్లను కోయును. ఇది అమెరికా ఖండపు తీరములకు చెందిన జాతి. ఓడలతో వచ్చినదని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఎన్నూరు దాటి ఇప్పుడు పులికాట్ వైపు పాకుచున్నది. మన అరుణానది కలియు సరస్సే అది.

ఓడ చిప్ప నెట్లు మోసితెచ్చును? అమ్మాయి ఇట్లు చెప్పినది: సరకు దింపిన ఓడ తేలికయై ఒరిగిపోకుండ, అడుగు తొట్లలో సముద్రపునీరు నింపుకొనును. మరియొక రేవులో సరకెక్కించునప్పుడు ఆ నీటిని విడుచును. కంటికి కనబడని పిల్లప్రాణులు నీటితో దిగును. కొన్ని ఓడ అడుగునకు అంటుకొనియు వచ్చును. ఇది క్రొత్త కాదు. 1967లోనే విశాఖపట్టణపు రేవులో మధ్య అమెరికా చిప్ప యొకటి కనబడి, ఓడల అడుగులను, కొయ్యలను క్రమ్ముకొనినది. ఈ తొట్టినీటిని శుభ్రముచేసి విడువవలెనను అంతర్జాతీయ నిబంధన 2004లో వ్రాయబడినను, అమలునకు వచ్చినది 2017 సెప్టెంబరు 8న. పొరుగింటి పెరుగుతోడు మన పాలలో పడినచో మంచిదే. పొరుగింటి పురుగు మన బియ్యములో పడినచో నేమగునో గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు.

మధ్యాహ్నము తాటాకు పాకక్రింద కూర్చుండి ఓడల పొగనుగూర్చి మాటలాడుకొంటిమి. ముడినూనెనుండి పెట్రోలు, డీజిలు తీసికొన్న పిమ్మట అడుగున మిగులు గసియే ఓడలు చిరకాలముగ కాల్చునది. అందు గంధకము నూటికి 3.5 పాళ్ల వరకు ఉండవచ్చునని వెనుక నిబంధన. 2020 జనవరి 1 నుండి దానిని 0.5కు తగ్గించిరి. రేవులప్రక్క నివసించువారి ఊపిరి కిది గొప్ప మేలు. కాని భూమిని వేడెక్కించు వాయువు దీనితో తగ్గదు. మనుష్యులు విడుచు అట్టి వాయువులలో 2018 లెక్కప్రకారము నూటికి సుమారు మూడు పాళ్లు ఓడలవే.

"అయితే ఓడలు మానేస్తే సరిపోదా?" అని మా అత్తగారు. "లారీలో పంపితే ఇంకా ఎక్కువ కాలుతాదవ్వా. ఒక టన్ను బరువును మోసేదానికి ఓడకంటే తక్కువ నూనెతో పొయ్యేది లేదు" అని అమ్మాయి. అటుపిమ్మట మా వారు గొడుగు కొనతో ఇసుకలో లెక్క వేసిరి. ఓడ వేగమును పదింట నొకవంతు తగ్గించినచో, ప్రయాణము కొంత ఆలస్యమైనను, మొత్తము ఇంధనములో ఇంచుమించు అయిదింట నొకవంతు మిగులును. పెనుమంటమీద కంటె సన్నసెగమీద పప్పు ఉడికించిన పొదుపు వంటిదే యిది. మామిడిగుజ్జు డ్రమ్ములో నెలలకొలది నిలువయుండు సరకు. అది రెండు దినములు ఆలస్యముగ చేరినచో ఎవరికిని నష్టము లేదు. తొందర సరకుది కాదు, మనది.

ఓడ యడుగున పేరుకొను నాచును, చిప్పలను గోకి నునుపు చేసినచో నీరు సులభముగ జారి ఇంధనము మిగులును. పూర్వము చిప్పలు పట్టకుండ పూయు రంగులో విషపు తగరము కలిపెడివారు. అది సముద్రపు నత్తలను నాశనము చేయుచున్నదని 2008 నుండి నిషేధించిరి. రేవున కట్టియున్న ఓడ తన యంత్రము నాపి, ఒడ్డునుండి విద్యుత్తు తీసికొను ఏర్పాటులు వచ్చుచున్నవి. 2023లో మన ప్రభుత్వము 'హరిత సాగర్' అను మార్గసూచికలను ప్రకటించి, రేవులలో టన్ను సరకున కగు కర్బనవాయువును 2030 నాటికి నూటికి 30 పాళ్లు, 2047 నాటికి 70 పాళ్లు తగ్గింపవలెనని లక్ష్యముంచినది. మెథనాలుతో నడువగల మొదటి కంటైనరు నౌక 2023లో మెర్స్క్ కంపెనీవారిది నీటికి దిగినది. కొన్ని ఓడలపై గాలిబలమును వాడుకొను తిరుగుడు స్తంభములను, క్రొత్తరకపు తెరచాపలను నిలుపుచున్నారు. శాతవాహనుల నాణెముమీది ఓడ మరల తిరిగి వచ్చుచున్నదని మేము నవ్వుకొంటిమి.

విహారనౌకలమాట వేరు. అవి సరకు మోయవు, సుఖమును మోయును. 2022 జూన్ లో కార్డీలియా వారి ఎంప్రెస్ నౌక విశాఖపట్టణమునుండి చెన్నపట్టణమునకు ప్రయాణికులను గొనిపోయినది. 2023లో విశాఖలో విహారనౌకలకు ప్రత్యేకపు భవనము ప్రారంభమైనది. లోకములో ఏడు వేలమందికి పైగా ప్రయాణికులు పట్టు నౌకలున్నవి. ఒక పెద్ద గ్రామపు వంట, స్నానము, ఉదుకుట, పాయిఖానా అన్నియు నీటిమీదనే! ప్లాస్టిక్కు నెచ్చటను పారవేయరాదని అంతర్జాతీయ నియమము. శుద్ధిచేయని మలజలమును తీరమునకు 12 నాటికల్ మైళ్ల లోపల విడువరాదు. కాని వంటింటి నీళ్లు, స్నానపు నీళ్లు, బట్టలుదుకు నీళ్లు ఈ నియమములో చేరలేదు. ఓడలకు చట్టము వ్రాసినవారిలో అంట్లు తోమినవా రెవరును లేకపోయిరేమో! జిడ్డును సబ్బును కలిసిన నీళ్లు పెరటి చెట్టునకు పోసినచో నేమగునో మనకు తెలియును. వెనిస్ నగరమువారు 2021 ఆగస్టులో పెద్ద విహారనౌకలను తమ నడికాలువలోనికి రాకుండ ఆపిరి.

ఒకరి మేలు వేరొకరికి కీడు కాగూడదను సంగతికి ఎన్నూరే సాక్షి. చెన్నపట్టణపు రేవులో బొగ్గు దింపుటచే చుట్టుపట్ల ఇండ్లు మసిబారుచున్నవని 2011లో మద్రాసు హైకోర్టు దానిని ఆపించినది. బొగ్గు ఎన్నూరునకు తరలినది. పట్టణపు ఇండ్లు తెరపిగొన్నవి. ధూళి మాత్రము చోటు మార్చుకొన్నది. మన ముంగిలి చిమ్మి పొరుగింటి వాకిట పోసినచో దానిని శుభ్రమనరు.

దేశములన్నియు కలిసి 2023లో, ఓడలు విడుచు వాయువును 2050 ప్రాంతమునకు నికరముగ సున్నకు దెత్తుమని సంకల్పించినవి. యూరపు రేవులకు వచ్చు ఓడలు తాము విడుచు కర్బనమునకు 2024 నుండి వెల చెల్లింపవలసియున్నది. లోకమంతట అట్టి వెల విధించు ప్రణాళికపై 2025 అక్టోబరులో లండనున సభ జరిగి, నిర్ణయమును ఒక యేడు వాయిదా వేసినది. ఆ వెల వచ్చినచో అది చివరకు మామిడి రైతుమీద పడునో, గుజ్జు త్రాగువారిమీద పడునో! పంచుకొన్నచో భారము స్వల్పమే. ఒక్కరిమీద వేసినచో అది మరల హాలాహలమే యగును.

సాయంకాలము తిరుగు ప్రయాణమున మా అత్తగారు చాలదూరము మాటలాడలేదు. ఆ చేపల ఆమెవద్ద మేము చేపలు కొనలేదు. మే మవి తినము. అందుచే మా అత్తగారు సంచిలోని మామిడిపండ్లన్నియు ఆమె ఒడిలో పోసి వచ్చిరి. సురుటుపల్లి దాటునప్పుడు చీకటిలో గుడి దీపము కనబడినది. అప్పుడామె మనుమరాలి చేయి పట్టుకొని, "ఆయప్ప మింగినాడు గాబట్టి సరిపోయింది. ఊరికే మనుషులతో మింగించేది న్యాయం గాదు. పో మే, చదువుకో. చిమ్మేవోళ్లు లేని ఇల్లు మాదిరి ఉంది ఆ సముద్రం" అనిరి.

అమ్మాయి ఇప్పుడు విశాఖలో చదువుచున్నది. మొన్న ఫోనులో, ఓడ నమూనాను నీళ్లతొట్టిలో లాగి, ఏ యాకృతికి నీరు తక్కువగ అడ్డు తగులునో కొలుచుట ఎట్లో వివరించినది. మాకు సగము అర్థము కాలేదు. మా అత్తగారు మాత్రము, "వడ్డించేటప్పుడు గరిటె వాలును బట్టి గదా పప్పు జారేది" అని తల యూపిరి.

సోదరీమణులారా! మన యింటికి వచ్చు దూరదేశపు పండును, వస్తువును ఏదో యొక ఓడ మోసితెచ్చినదే. తొందరలేని వస్తువును తొందరపెట్టకుండుట, పెరటిలో పండునదానిని సముద్రము దాటించి తెప్పించుకొనకుండుట మన చేతిలోని పనులు. ఎన్నడైన విహారనౌక ఎక్కు భాగ్యము కలిగినచో, దాని వంటింటి నీళ్లెక్కడికి పోవునని ఒక్కమాట అడుగుడు. చదువుకొను ఆడుపిల్ల యున్నచో ఆమెను సముద్రమునకు దూరము చేయకుడు. సురుటుపల్లి మనకు దగ్గరనే యున్నది. వీలైనప్పుడు పోయి, ఆ పవళించిన స్వామిని చూచి రండు.